పండగ అడ్వాన్సు

పండగలు దగ్గరపడ్డాయంటే మా ఖరగ్‌పూర్ మలంచాలో ఇప్పుడు బట్టల కొట్లకన్నా ముందు మందుల కొట్లు కళకళలాడుతున్నాయి. బీపీ బిళ్ళ, గ్యాస్ బిళ్ళ, నిద్రమాత్ర. సాయంత్రం అరుగు మీద నలుగురు పెద్దాళ్ళు చేరితే పండగ ముచ్చటే లేదు, ఎవరికి ఎంత రీడింగొచ్చిందన్నదే ముచ్చట.

ఇక్కడి సీజను సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజతో మొదలవుతుంది. దసరా, లక్ష్మీపూజ, కాళీపూజ, మన దీపావళి, నాగుల చవితి, క్రిస్మస్, చివర్న సంక్రాంతి. ఖరగ్‌పూర్ తెలుగువాడికి బెంగాలీ పండగలూ సొంతమే, శ్రీకాకుళం పండగలూ సొంతమే. రెండువైపులా చందా పుస్తకం పట్టుకుని కుర్రాళ్ళు గుమ్మంలోకొస్తారు. నాలుగు నెలలు! ఒకప్పుడు ఈ నాలుగు నెలలు ఎప్పుడొస్తాయా అని చూసేవాళ్ళం. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఎప్పుడు గడుస్తాయా అని చూస్తున్నారు.

మా రోజుల్లో మాత్రం డబ్బెక్కడిది? గొప్పకి చెప్పడం లేదు. రైల్వేవాడికి బోనసన్నదే ఉండేది కాదు. 1974 మే సమ్మెలో అదీ ఒక డిమాండే. చివరికి 1979లో గానీ ఉత్పాదకతకి ముడిపెట్టి ఇవ్వలేదు. అంతవరకూ దిక్కు పండగ అడ్వాన్సే. దానికి వడ్డీ లేదు, నెలనెలా జీతంలోంచి కోసుకునేవారు. పాతది తీరందే కొత్తది ఇచ్చేవారు కాదు. అదీ అసలు కీలకం. మా బాబు ఆ డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాడు, అమ్మ లెక్క చూసేది, గుంటలందరికీ ఒకే తానులో గుడ్డ చింపించేది. మాకు చొక్కాలు, చెల్లికి గౌను, మిగిలిన పీలికలతో తలగడ గలీబులు. ఇంకేమైనా కావాలని ఏడ్చినా లాభం లేదని మాకూ తెలుసు. అందుకే ఏడ్చేవాళ్ళం కాదు.

స్వర్గమని అనను. జీతాల రోజున రైల్వే కర్ఖానా గేటు దగ్గర వడ్డీవాడు కాచుకుని ఉండేవాడు. వాడికి దొరక్కుండా పక్క సందులోంచి ఇంటికొచ్చిన మొగాళ్ళు మా లైన్లోనే ఉన్నారు. కానీ పండగ కోసం ఎంత ఖర్చుపెట్టాలన్న గొడవ ఇంట్లో ఉండేది కాదు. ఆ హద్దు రైల్వేవాడే గీసేవాడు.

ఇప్పుడు చూడండి. 78 రోజుల బోనసంటే వినేవాడికి రెండున్నర నెలల జీతం అనిపిస్తుంది. లెక్కకి నెలకి 7,000 రూపాయలే తీసుకుంటారు గనక చేతికి ముట్టేది మహా అయితే 17,951. అది బ్యాంకులో పడకముందే ముప్పై వేల ఫోను కిస్తీల మీద ఇంటికొచ్చేస్తుంది. అడ్డం చెప్పేవాడెవడు? పాత కిస్తీ తీరకపోయినా కొత్త కిస్తీ ఇస్తామని వాళ్ళే రోజుకి నాలుగుసార్లు ఫోను చేస్తారు.

సంక్రాంతి ప్రయాణం సంగతి చెప్తే మీరు నవ్వుతారు. మాకు పాసుండేది. ‘భోగినాటికి చేరతాం’ అని ఓ ఇన్లాండ్ కవరు పడేసి, ట్రంకుపెట్టె, పరుపుచుట్ట మోసుకుని ప్లాట్‌ఫారం మీదికెళ్ళేవాళ్ళం. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం, ఒకనాడు ప్రపంచంలోకెల్లా పొడుగైంది. ఆ గొప్ప కూడా మాకు మిగల్లేదు. 2013లో గోరఖ్‌పూర్ లాక్కుంది, దాని దగ్గర్నుంచి 2023లో హుబ్బళ్ళి లాక్కుంది. సరే, బండొచ్చేది, జనరల్ బోగీలో సందుచేసుకుని దూరేవాళ్ళం. ఒంటికాలి మీద నిలబడ్డ రాత్రులూ ఉన్నాయి. అయితే బండి కదిలాక మమ్మల్ని ఎవరూ పట్టుకోలేరు. ఫోర్‌మన్‌కి మా అడ్రసు తెలీదు, ఊళ్ళో వాళ్ళకి మేం ఏ స్టేషన్లో ఉన్నామో తెలీదు. పలాస దాటేసరికి మా బాబు గొంతే మారిపోయేది. ఏడాదంతా కర్ఖానా సైరనుకి లేచే మనిషి, అక్కడ పొద్దెక్కిందాకా ముసుగుతన్ని పడుకునేవాడు.

ఇప్పుడు రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుస్తారు. 2024 అక్టోబరు దాకా అది నూటఇరవై. ఆత్రం సగానికి తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు, కుదించుకుపోయి చిక్కబడింది. పొద్దున్న ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, వెయిటింగ్ లిస్టు అని పడుతుంది. ఇక తత్కాల్. ఏసీకి పదింటికి, స్లీపరుకి పదకొండింటికి. ఆ పదికీ పదకొండుకీ మధ్య మా కోడలు మొహం చూస్తే పురుడు గది బయట నిలబడ్డ మనిషి గుర్తొస్తుంది. టిక్కెట్టు దొరికిందనుకోండి, బండెక్కింది మొదలు ‘ఎక్కడున్నారు, భోంచేశారా, బండి లేటా’ అని స్టేషనుకో ఫోను. బెంగుళూరు నుంచొచ్చిన అల్లుడు నిరుడు భోగిమంట పక్కన లాప్‌టాప్ తెరిచాడు. ‘ఐదు నిమిషాలు మావయ్యా’ అన్నాడు. పిడకలన్నీ బూడిదయ్యాయి, ఐదు నిమిషాలు అవలేదు. సెలవు కాగితం మీద ఉంది, మనిషికి లేదు.

ఇక మోత. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకులు మూయాలని 2000 నుంచీ రూలైతే ఉంది. బెంగాల్లో టపాకాయలకి చాలాకాలం 90 డెసిబెల్సే హద్దుగా ఉండేది, 2023లో దాన్ని 125కి పెంచారు. మా రోజుల్లోనూ మోతుండేది, రావణ మైదానంలో దశమినాడు రావణుడు పేలితే చెవులు గింగుర్లెత్తేవి. కానీ ఆ పెద్దమనిషి ఏడాదికి ఒక్కసారి పేలి ఊరుకునేవాడు. జనం పల్లీలు నములుతూ ఇళ్ళకి నడిచేవారు. పెట్టెల మీద పెట్టెలు పేర్చిన ఈ డీజేలకి దశమీ లేదు, ఏకాదశీ లేదు.

గోల్‌బజార్ పందిరికి వెళ్ళినా అంతే. అమ్మవారికి దణ్ణం పెట్టుకోబోతే ‘తాతయ్యా, కొంచెం పక్కకి’ అంటారు, ఫొటోలో అడ్డొచ్చానట.

ఇలా నేను గొణుగుతుంటే మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది. ‘‘మీకేటండీ, కాళ్ళు బారజాపుకుని కూకునీవోరు. పప్పు రుబ్బింది నాను, పిండి దంచింది నాను, బొగ్గుల పొయ్యి కాడ కళ్ళు పోగొట్టుకుంది నాను. మీ నిమ్మళం మీ రైల్వే ఇచ్చింది కాదు.’’

మాటల్లో ఈవిడతో నెగ్గినవాడు ఖరగ్‌పూర్ డివిజన్‌లో లేడు. నేనూ వదల్లేదు. మిక్సీ వచ్చింది, గ్యాసొచ్చింది, మరి మిగిలిన ఆ టైమంతా ఏమైందని అడిగాను. అరిసెలు, చక్రాలు, పొంగడాలతో అయ్యే పండగకి ఇప్పుడు ఫోనులో చూసి మరో ఏడు రకాలు చేస్తున్నారు, మూడు రకాలు బజారు నుంచి తెప్పిస్తున్నారు, అన్నిటికీ ఫొటోలు తీసి వదినా మరదళ్ళకి పంపుతున్నారు. వాళ్ళు పంపిన పళ్ళెంలో ఒక రకం ఎక్కువుంటే మళ్ళీ ఇక్కడ మూకుడు పొయ్యెక్కుతోంది. రోలుని వదిలించుకుని సుఖపడింది ఇదేనా? దానికి ఆవిడ ఏమీ అనలేదు. గరిటె చప్పుడు మాత్రం పెరిగింది.

అందుకని ఈ ఏడు మా ఇంట్లో ఆఫీసు ఆర్డరు వేశాను, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఊరికి వెళ్ళడం లేదు, తత్కాల్ లేదు, రాగలిగినవాళ్ళు మలంచాకే వస్తారు. పండగ ఖర్చుకి పెన్షన్లోంచి ఒక మొత్తం కవర్లో పెట్టాను, కవరు ఖాళీ అయితే పండగకి అంతే సంగతులు. భోగి తెల్లవారుజాము నుంచి కనుమ రాత్రి దాకా ఫోన్లన్నీ బియ్యం డబ్బా మీద ఉంటాయి. అల్లుడికి రోజుకి ఒక గంట మినహాయింపు, అదీ మేడ మీద, మా మనవడి కంటబడకుండా.

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఆర్డరు చదివింది. పెన్సిలుతో కింద రెండు లైన్లు చేర్చింది. పిండివంటలు రెండే రకాలు. పొయ్యి దగ్గర నిలబడేది ఆయన.

సంతకం పెట్టక తప్పలేదు. ఒకటి అరిసెలన్న దగ్గర పేచీ లేదు. రెండోది పొంగడాలని నేను, చక్రాలని ఆవిడ. వారం రోజులుగా ఫైలు కదలడం లేదు.