బావ లెక్కల్లో బామ్మ

ఇర్వింగ్, టెక్సాస్

అత్తయ్యా,

"మీ బావా, అక్కా పిల్లల విషయంలో ఇంకా ఎందుకు ఆగుతున్నారో కాస్త కనుక్కోరా" అన్నావు కదా, కనుక్కున్నాను. ఇద్దరి ఆరోగ్యమూ బాగుంది. గొడవల్లేవు. అడ్డమల్లా ఒక ఎక్సెల్ షీటు.

బావ దాన్ని ఆఫీసు పనికన్నా శ్రద్ధగా చేస్తున్నాడు. 2015లో పుట్టిన బిడ్డను పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెంచాలంటే మధ్యతరగతి దంపతులకు 2,33,610 డాలర్లు అవుతుందని ఇక్కడి వ్యవసాయ శాఖ (అవును, పంటలు చూసుకునే శాఖే!) లెక్క కట్టింది. అందులో కాలేజీ చదువు లేదు. అప్పటినుంచి ధరలు పెరిగాయి కదా అని బావ దాన్ని మూడు లక్షలు చేశాడు. ఆపైన రూపాయల్లోకి మార్చాడు. రెండున్నర కోట్ల పైమాటే! ఆ రాత్రి అన్నం సయించలేదట. డాలర్లలో సంపాదించేవాడు రూపాయల్లో భయపడటమేమిటో.

నారు పోసినవాడు నీరు పొయ్యడా అంటావు నువ్వు. పోస్తాడు అత్తయ్యా, ఇక్కడ ఆ నీటికీ నెలనెలా బిల్లొస్తుంది.

సెలవు సంగతి మాత్రం నిజంగానే ఇబ్బంది. మన దేశంలో 2017 సవరణ తర్వాత తొలి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవుంది. ఇక్కడి కేంద్ర చట్టం 1993 నాటిది. 12 వారాలు ఇస్తుంది, జీతం ఇవ్వదు. అదీ కనీసం యాభై మంది ఉన్న కంపెనీలో ఏడాది పూర్తి చేసినవాళ్లకే. అక్క ఉద్యోగం మారి మూడు నెలలైంది. "మోసేది తొమ్మిది నెలలు కదా, ఏడాది నిండిపోతుంది" అంది అక్క. "నెలలు నిండకుండా పుడితే?" అని బావ వెంటనే షీటులో ఇంకో వరుస చేర్చాడు. అక్క లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

డేకేర్ వరుసకైతే ఎర్ర రంగు వేశాడు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు పసిబిడ్డకు నెలకు 1,600 డాలర్లు చెప్పారు. అంత ఇస్తామన్నా ఖాళీ లేదు, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోమన్నారు. ఫారంలో 'బిడ్డ పేరు' అని ఒక గడి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకుంటాం కానీ, ఇక్కడ సోమలింగానికి ముందే ఫీజు కట్టించుకుంటారు. ప్రభుత్వం ఒక్కో బిడ్డ పేరిట ఏడాదికి 2,200 డాలర్ల దాకా పన్ను తగ్గిస్తుంది. అది డేకేర్‌కు నెలన్నర కూడా రాదు.

అన్నిటికన్నా చిత్రం సీమంతం వరుస. హాలు, పూల అలంకరణ, ఫొటోగ్రాఫర్, రెండు వందల మందికి భోజనాలు కలిపితే, ఇన్సూరెన్స్ పోను కాన్పుకు చేతినుంచి పెట్టాల్సిన సొమ్ముకు రెట్టింపు తేలింది. అది తీసేద్దామన్నాడు బావ. ఆ వారమంతా ఇంట్లో కూరల్లో ఉప్పు లేదు.

ఇంతకీ గరాజ్‌లో కొత్త టెస్లా ఉంది. అది కొన్నప్పుడు ఏ షీటూ వెయ్యలేదు. కాబట్టి నా తీర్పు ఇది: వీళ్లకు బిడ్డను పెంచే స్తోమత బాగానే ఉంది. కానీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే మొదటి ఏడాది బిడ్డను చూసే మనిషే లేదు. ఇక్కడి మనవాళ్లంతా చేసేదే మనమూ చేద్దాం. విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. మొదటి ఆరు నెలలు మీ వియ్యపురాలు, తర్వాతి ఆరు నెలలు నువ్వు. టికెట్లూ, మీ ఇన్సూరెన్సూ కలిపినా డేకేర్ ఖర్చులో సగం కూడా కాదు. ఆ వరుస నేనే షీటులో రాశాను. బావ రెండుసార్లు కూడి చూసి, ఎర్ర రంగు తీసేశాడు.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి స్లాటు అంత తొందరగా దొరకదు. బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి, గడువు ఎప్పటిదాకా ఉందో చూసి ఈ ఆదివారంలోగా ఫోన్ చెయ్యి. ఆవకాయ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నీ మేనల్లుడు