పాత పుస్తకములు వాడరాదు: టీకా తాత్పర్య సహితము

అవతారిక: పంపుసెట్లు చేసే ఒకానొక ఫ్యాక్టరీలో, స్టోర్సు గుమ్మం పక్కన, ఆయుధపూజ నాటి పసుపు మరకలు ఇంకా పోని గోడ మీద ఈ మూలం అంటించి ఉంది. కవి పేరు లేదు. కింద ఒక గీత ఉంది. అది జీఎం గారి సంతకమని సంప్రదాయం. ఇది వచనమే గాని పద్యం కాదు. అయినా యతి అంటే విరామం గనుక, మార్చి నెల ఆదివారాలన్నీ రద్దయ్యాయి గనుక, ఇందులో యతిభంగం ఉందని కొందరి ఆక్షేపణ. ఒప్పుకుంటున్నాం.

మూలం: “సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఏప్రిల్ 1 నుండి మన సంస్థయందు ఈఆర్‌పీ గో-లైవ్ అగును. అటుపిమ్మట సిస్టమ్‌లో ఎంట్రీ లేనిదే ఏ సరుకును గేటు దాటనీయరాదు. పాత పుస్తకములు వాడరాదు. సహకరించగలరు.”

ప్రతిపదార్థం:

ఏప్రిల్ 1 నుండి = కొత్త లెక్కల సంవత్సరం మొదటి రోజు నుండి. మార్చి 31 రాత్రి నిల్వలు లెక్కబెట్టి, అవే ప్రారంభ నిల్వలుగా ఎక్కించడం తేలిక గనుక ఈ ముహూర్తం. లోకం ఆ రోజును మరో పేరుతో పిలుస్తుంది. ఆ అర్థం ఇక్కడ వాచ్యం కాదు, ధ్వని మాత్రమే.

ఈఆర్‌పీ = కొనుగోళ్లు, స్టోర్సు, ఉత్పత్తి, అమ్మకాలు, జీతాలు, ఖాతాలు అన్నీ ఒకే గంపలో ఉండే సాఫ్ట్‌వేరు. ఈ పేరును 1990లో గార్ట్‌నర్ సంస్థ పెట్టింది. పేరు రాకముందే వస్తువు ఉంది. జర్మనీలో 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు ఎస్‌ఏపీ స్థాపించారు. దీనిని ‘శాప’ శబ్దభవమని చమత్కరించేవారున్నారు, అది అగ్రాహ్యం. జర్మన్లు అక్షరాలు విడదీసి ‘ఎస్-ఆ-పే’ అంటారు. లోపలి పట్టికల పేర్లు కూడా జర్మన్ ధాతువులే: కేఎన్‌ఏ1లో ‘కుండె’ అంటే ఖాతాదారు, ఎల్‌ఎఫ్‌ఏ1లో ‘లీఫెరాంట్’ అంటే సరఫరాదారు, బీకేపీఎఫ్‌లో ‘బెలెగ్‌కోఫ్’ అంటే వోచరు తలకాయ. అమీర్‌పేట గదుల్లో మన పిల్లలు వీటినే అర్థం అడక్కుండా వల్లె వేసి, ఆ వల్లెతోనే సముద్రాలు దాటారు. వేదపాఠం మనకు కొత్త కాదు గదా.

గో-లైవ్ = ప్రాణప్రతిష్ఠ అని పూర్వవ్యాఖ్యాత. సరికాదు. ప్రతిష్ఠించిన విగ్రహం పలకదు. ఇది పలుకుతుంది, ఎర్ర అక్షరాల్లో.

అగును = కర్త లేని క్రియ. వాన కురియును, తెల్లవారును, గో-లైవ్ అగును. ఎవరు చేస్తారో చెప్పలేదు గనుక, కాకపోతే ఎవరిని అడగాలో కూడా చెప్పనక్కరలేదు. మూలకర్త వ్యాకరణ ప్రజ్ఞ అంతా ఈ మూడక్షరాల్లో ఉంది.

సరుకు = సంకేత సంఖ్య కలిగిన పదార్థం. ఇక్కడ కొంత విచారణ అవసరం. స్టోర్సులో ఒక అరనిండా బేరింగులున్నాయి. మెయింటెనెన్సు వాళ్లు వాటిని ‘అరవైరెండు సున్నా ఐదు’ అంటారు. పర్చేజు వాళ్లు ‘25 ఎంఎం బేరింగు’ అంటారు, లోపలి వ్యాసం అంతే గనుక. షాపు ఫ్లోరులో ‘మోటారు బేరింగు’ అంటే చాలు. మూడూ ఒకటే అని అందరికీ తెలుసు. ఎక్కించేటప్పుడు మూడు శాఖలూ మూడు జాబితాలిచ్చాయి, మూడు సంఖ్యలు పుట్టాయి. నిల్వ ఒక దాని కింద పడింది; మిగతా రెండూ సున్నా చూపించాయి; సున్నా చూసిన యంత్రం కొత్త ఆర్డరు సిద్ధం చేసింది. విష్ణువుకు వెయ్యి నామాలు చెల్లుతాయి, బేరింగుకు రెండు చెల్లవు. సాఫ్ట్‌వేరు పెట్టడమంటే సాఫ్ట్‌వేరు పెట్టడం కాదని, దేన్ని ఏమని పిలవాలో నలుగురు పెద్దమనుషులు ఒక గదిలో కూర్చుని ఒప్పుకోవడమని మా మతం. ఆ ఒప్పుదలకు లైసెన్సు దొరకదు.

ఇందుకు పరదేశ దృష్టాంతం: లిడ్ల్ అనే జర్మన్ కిరాణా గొలుసు 2011లో కొత్త వ్యవస్థ పని మొదలుపెట్టి 2018లో వదిలేసింది. అప్పటికి ఖర్చు దాదాపు 50 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. చిక్కుల్లో ఒకటి ఇది: లిడ్ల్ తన నిల్వలను కొన్న ధరకు లెక్కకట్టేది, సాఫ్ట్‌వేరు అమ్మే ధరకు కట్టేది. మా అలవాటు మార్చుకోం, సాఫ్ట్‌వేరే మారాలి అన్నారు. మార్చిన కొద్దీ మార్చాల్సింది పెరిగింది.

ఎంట్రీ = రాక. రాకలకూ సంఖ్యలున్నాయి. ఎస్‌ఏపీ శాఖలో 101 అంటే సరుకు వచ్చింది. 102 అంటే వచ్చిందన్న మాట వెనక్కి తీసుకున్నాం. 561 అంటే ఆదిసృష్టి: కొనుగోలు లేదు, బిల్లు లేదు, శూన్యంలోంచి నిల్వ పుడుతుంది. ప్రారంభ నిల్వలు ఎక్కించడానికే దీన్ని విధించారు. అద్వైతులు గమనింతురు గాక.

గేటు దాటనీయరాదు = లోపలికా, బయటికా? రెండూ అని సిద్ధాంతం. బయటికి దాటని దృష్టాంతం అమెరికాలోని హెర్షీస్ చాక్లెట్ కంపెనీది. 48 నెలల పనిని 30 నెలలకు కుదించి 1999 జులైలో గో-లైవ్ అయ్యారు. అక్టోబరు చివర వచ్చే హాలోవీన్ పండక్కి పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు; ఆ ఆర్డర్లు పడే వేళ అదే. గోదాముల్లో సరుకుంది, దుకాణాల్లో గిరాకీ ఉంది. మధ్యలో దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు వేళకు కదల్లేదు. సంక్రాంతి ముందు బెల్లం మార్కెట్టుకి తాళం చెవి పోయినట్టు.

పాత పుస్తకములు = బహువచనం గౌరవార్థకం. ఉన్నది ఒక్కటే. స్టోర్‌కీపరు గారి లాంగు నోటుబుక్కు, బైండింగు ఊడింది, దారం కట్టి ఉంది. కన్సల్టెంట్లు మూడు నెలలు కూర్చుని బ్లూప్రింటు రాసినప్పుడు రిజిస్టర్లన్నీ అడిగారు గానీ దీన్ని అడగలేదు. అందులో ఇలాంటివి ఉంటాయి: “వైండింగు శీను, డ్రిల్ బిట్లు రెండు, రేపు తెస్తానన్నాడు.” “ఈ లాటు గాస్కెట్లు పనికిరావు, పార్టీకి ఫోను చేశాను, మారుస్తానన్నాడు.” వచ్చింది అనడానికి 101 ఉంది, రేపు తెస్తానన్నాడు అనడానికి సంఖ్య లేదు. ఈ లోపం సాఫ్ట్‌వేరుదని నేననను. అడగనివాళ్లదే.

సహకరించగలరు = ప్రార్థనార్థకమా, సామర్థ్యార్థకమా? మొదటిదైతే మర్యాద. రెండోదైతే ఆశ. మూడు పూటల ట్రైనింగు మాత్రమే జరిగింది గనుక రెండోది నిలవదు.

తాత్పర్యం: లారీ వస్తే ముందు కంప్యూటరుకు చెప్పాలి, తరువాతే దించాలి. కంప్యూటరు ఊ కొట్టకపోతే లారీ ఎండలో ఉంటుంది, డ్రైవరు టీ తాగుతాడు. హాల్టింగు ఛార్జీ ఎవరు కట్టాలో మూలంలో లేదు.

పాఠాంతరం: ఇదే సర్క్యులరు ఇంకో ప్రతి స్టోర్సు లోపల, బీరువా తలుపు వెనక దొరికింది. అక్కడ ‘పుస్తకములు’ తరువాత పెన్సిలుతో ఒక మాట చేర్చి ఉంది: “పాత పుస్తకములు కనబడేలా వాడరాదు.” చేతిరాత నోటుబుక్కులోదే.