కౌలు 11 నెలలు, కంచె ఒక తరం

కౌలు భూమికి కంచె వేసేవాడి ఉద్దేశం ఒప్పంద కాగితంలో దొరకదు, పాతిన స్తంభంలో దొరుకుతుంది. మైదానంలో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం గడువు 11 నెలలు. ఆ కాస్త కాలానికి కౌలురైతు గట్టు మీద ముళ్లకంప వేస్తాడు, పాత చీరలు కడతాడు, అడవిపందులు దిగే చోటైతే రాత్రిళ్లు మంచె ఎక్కి డబ్బా వాయిస్తాడు. సిమెంటు స్తంభం జోలికి మాత్రం పోడు. వచ్చే ఏడు ఎవరి చేతికి పోతుందో తెలియని చేనికి పక్కా కంచె కట్టడం, వచ్చేవాడి ఇంటికి ముందే సున్నం వేయించడం లాంటిది.

అరకు లోయలో ఈ అర్థశాస్త్రం తలకిందులవుతుంది. కౌలు నోటిమాట, కంచె పక్కా. పట్టా గిరిజన రైతు పేరునే ఉంటుంది. వలిసెపూల పక్కన టెంట్లు వేసి అద్దెకిచ్చే వ్యాపారి ఆ చేను చుట్టూ స్తంభాలు, అయిదు వరసల ముళ్లతీగ, ఇనుప గేటు పెట్టిస్తాడు. కారణం అడిగితే పశువుల బెడద అంటాడు. పశువు తీగ దగ్గరే ఆగిపోతుంది. గేటుకు తాళం ఎవరి కోసమన్నదే ప్రశ్న. తాళంచెవి అడిగే ఆవు ఏజెన్సీలో ఇంకా పుట్టలేదు.

కంచె దురాశకు గణితమూ తోడ్పడుతుంది. చతురస్రంగా ఉన్న ఒక ఎకరం చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. మూడు మీటర్లకొకటి చొప్పున 85 స్తంభాలు, అయిదు వరసలకు 1,270 మీటర్ల తీగ కావాలి. అదే నాలుగు ఎకరాలైతే చుట్టుకొలత 509 మీటర్లే. భూమి నాలుగింతలైతే కంచె రెండింతలే అవుతుంది, ఎకరానికి పడే ఖర్చు సగానికి తగ్గుతుంది. పొరుగు చేను కూడా లోపలికి వస్తే పొదుపు, ఆ పక్కనున్న గరువు కూడా వస్తే మరింత పొదుపు. దురాక్రమణకు పొదుపు అని పేరు పెట్టగలిగింది ఈ లెక్క ఒక్కటే.

వ్యాపారి పద్దులో కనిపించని ఖర్చులు ఊరి పద్దులో పడతాయి. కోతలయ్యాక పశువులు తిరిగి మేసిన నేల, వాగుకు నడిచిన అడ్డదారి కంచె లోపల మిగిలిపోతాయి. భూమి సొంతదారుడికి అదే గేటు దగ్గర కాపలా పని దొరికితే, దాన్ని స్థానికులకు ఉపాధి కల్పన అంటారు.

ఇక చట్టం. ఏజెన్సీలో '1/70'గా పిలిచే నిబంధన 1959లో వచ్చి, 1970 సవరణతో గట్టిపడింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి బదిలీ చేస్తే అది చెల్లదు. బదిలీ అన్న మాటలో అమ్మకం, తనఖాలతో పాటు కౌలు కూడా ఉంది, భూమిపై మరే ఇతర లావాదేవీ అయినా ఉంది. కౌలును 'అభివృద్ధి ఒప్పందం' అని పిలిచినంత మాత్రాన పిల్లి పులి కాదు. గిరిజనుడి పేరుతో నడిపే బినామీని కూడా అందులోనే చేర్చారు. అనంతగిరి మండలం గనుల కౌళ్లపై వచ్చిన సమత కేసులో, 1997లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి సైతం మినహాయింపు ఇవ్వలేదు. సర్కారుకే చెల్లని కౌలు టెంట్ల వ్యాపారికి చెల్లుతుందని నమ్మడానికి చాలా ధైర్యం కావాలి.

కాగితం చెల్లదు కాబట్టే వ్యాపారి నమ్మకమంతా కంచె మీద పెట్టాడు. స్వాధీనంలో ఉంటే చాలు, భూమి తనదే అవుతుందన్నది మైదానం నుంచి మోసుకొచ్చిన ధీమా. 1/70 దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగానే భావిస్తుంది, కాదని రుజువు చేసుకునే భారం అతడి మీదే వేస్తుంది. ఫిర్యాదు లేకపోయినా అధికారి తనంతట తానే విచారించి, భూమిని తిరిగి ఇప్పించవచ్చు. ఆ లెక్కన ఎకరం చుట్టూ పాతినవి 85 రక్షణ స్తంభాలు కావు. పాతినవాడే సొంత ఖర్చుతో తన మీద నిలబెట్టుకున్న 85 మంది సాక్షులు. ఇక కావలసింది వాళ్లను విచారణకు పిలిచే అధికారి ఒక్కడే.