కొటేషన్ సాగు: యాజమాన్య పద్ధతులు

కొటేషన్ మార్చి పంట. దీనికి వానతో పనిలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే పుట్టపర్తి, అనంతపురం మెట్టల్లో ముంగారు వేరుశనగ ఎన్నో ఏళ్లు ఊడ దిగకుండానే ఎండిపోయింది గానీ, విశ్వవిద్యాలయాల్లో కొటేషన్ ఎండిన దాఖలా లేదు. వేరుశనగకు కదిరి పరిశోధన స్థానం కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు ఇవ్వాల్సివచ్చింది. కొటేషన్‌కు ఆ శ్రమ అక్కర్లేదు. ఇది దేశవాళీ రకం, దేశంలో ఏ క్యాంపస్ నేలైనా దీనికి ఒకటే.

నేల అంటే గ్రాంటు. మంజూరు ఎప్పుడైనా, ఫైళ్ల మీద తిరిగి తిరిగి ఫిబ్రవరి ఆఖరుకే పదునుకొస్తుంది. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో ఎగబడి ఖర్చుపెట్టడం తప్పని 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 62వ నియమం చెబుతుంది. సాగుదారులు ఆ పంచాంగం చూడరు. మార్చి 31లోగా డబ్బు ఖర్చుపెట్టేయాలన్న ఒక్క తిథి మాత్రమే వాళ్లకు తెలుసు.

పంట మూడు మొక్కల గుత్తిగా మొలుస్తుంది. మొదటిది తల్లి మొక్క. మిగతా రెండు తోడు మొక్కలను అదే మొలిపించి తెస్తుంది. మూడు లెటర్‌హెడ్లూ వేరు, అక్షరదోషం మాత్రం మూడింటా ఒకేచోట ఉంటుంది. ఎల్1, అంటే అతి తక్కువ ధర గింజను ఏరడానికి కంపారిటివ్ స్టేట్‌మెంట్ అనే జల్లెడ వాడతారు. జల్లెడ కన్నాలను తల్లి మొక్క గింజ కొలతకే తొలుస్తారు. కంపెనీ బ్రోచర్‌ను దించి స్పెసిఫికేషన్ అని పేరు పెడితే ఆ పని పూర్తయినట్టే.

పొలం పెద్దదైతే టెండర్ పిలవాలి. అందుకని గట్లు వేస్తారు. ఒకే అవసరాన్ని ముక్కలు చేసి కొనకూడదని 157వ నియమం ఉంది. అయినా ఒకే ల్యాబ్ కంప్యూటర్లు సోమవారం కొన్ని, గురువారం కొన్ని వస్తుంటాయి. 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన సంస్థలకు మడి కొలతే పెంచింది. కొటేషన్లు లేకుండా కొనే హద్దు లక్ష నుంచి రెండు లక్షలైంది, కమిటీ ద్వారా కొనే హద్దు 10 లక్షల నుంచి 25 లక్షలైంది. ప్రత్యేక పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కొనే అధికారం డైరెక్టర్లకు, వీసీలకు దక్కింది. రసాయనాల కోసం నెలల తరబడి కాచుకున్న పరిశోధకులకు ఇది మేలే. గొర్రు పట్టడం రానివాళ్లకు మరింత పొలం దొరికింది, అంతే.

ఇక తెగుళ్లు. ప్రధాన తెగులు ఆడిట్ పేరా. నివారణ మందు పేరు కొనుగోలు శిక్షణ. దీన్ని విత్తనానికి పట్టించరు, కోత అయ్యాక కళ్లంలో చల్లుతారు. జ్యోతి వెలిగించిన పెద్దలు టీ దాకా ఉంటారు. కొటేషన్ల మీద సంతకం చేసే కమిటీ సభ్యులకు ఆ రోజు క్లాసులుంటాయి. చివరికి స్లైడ్లు చూసేది అవుట్‌సోర్సింగ్ మీద వచ్చిన స్టోర్స్ కుర్రాడొక్కడే.

ఇక దిగుబడి ఎంతో చూడాలి. ల్యాబ్ మూలన డబ్బా విప్పని యంత్రం. బిగించాల్సింది ఎవరో ఆర్డర్‌లో రాయలేదు. గదిలో దానికి తగ్గ కరెంటు లేదని దించిన రోజున తెలిసింది. వారంటీ డబ్బాలోనే తీరిపోయింది. దానికోసం కాచుకున్న పిల్ల కరువు పల్లె నుంచి, ఇంట్లో పీజీ చదివిన మొదటి మనిషిగా వచ్చింది. ఆమె ఫెలోషిప్ గడువును ఏ కమిటీ తిరిగి కొనిపెడుతుంది? ధర సరైనదేనని, సరఫరాదారు నమ్మదగినవాడేనని ముగ్గురు విద్యావంతులు విచారించకుండా సంతకం పెట్టారు. పెట్టినవాళ్లకు సన్మానం జరిగింది, ఆడిట్ పేరా స్టోర్స్ కుర్రాడి మెడకు చుట్టుకుంది. దీన్ని అమాయకత్వం అనడం కుదరదు. జనం డబ్బంటే లెక్కలేనితనం ఇది.

అవసరాన్ని సొంత మాటల్లో రాయడం, బజారు ధర విచారించడం, వారంటీ బిగించిన రోజు నుంచి లెక్కకు వచ్చేలా ఆర్డర్ ఇవ్వడం రెండు రోజుల్లో నేర్పగల పనులు. సంతకం అధికారం ఉన్న ప్రతి ఒక్కరూ ఆ రెండు రోజులూ బెంచీ మీద కూర్చోవాలి. మొదటి బెంచీ వైస్ ఛాన్సలర్‌ది.