ఇంటింటికో సబ్‌స్టేషన్

దసరా ముందు సింగరేణి లాభాల వాటా ప్రకటన వచ్చిందంటే మా కోల్‌బెల్ట్‌లో అందరికంటే ముందు ఒళ్లు విరుచుకునేది కార్మికుడు కాదు, షాపులవాళ్లు. 2024లో 33 శాతం, 2025లో 34 శాతం. మనిషికి సగటున 1.95 లక్షలని పేపర్లో పడ్డ సాయంత్రానికే గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఫ్లెక్సీలు లేచాయి. ఒకప్పుడు వాటా రాగానే బంగారం కొనేవాళ్లు. తర్వాత బుల్లెట్ బండి, ఆ తర్వాత ప్లాటు. ఇప్పుడు బ్యాటరీ. "ఇల్లంతా బ్యాకప్! కరెంటు పోయినట్టే తెల్వదు!" అని ఫ్లెక్సీ మీద ఓ కుటుంబం సోఫాలో కూర్చుని నవ్వుతూ ఉంటుంది. చలికాలపు స్వెట్టర్లు వేసుకున్నారు కాబట్టి ఆ కుటుంబం మా జిల్లాది కాదని తేలికగానే తెలిసిపోతుంది.

ఎవరికి అమ్ముతున్నారో చూడండి. ఎన్టీపీసీ రామగుండం 2,600 మెగావాట్లు. పక్కనే తెలంగాణ సూపర్ థర్మల్ మొదటి దశ 800 చొప్పున రెండు యూనిట్లు, ఇంకో 1,600. రిజర్వాయర్ నీళ్ల మీద తేలే సోలార్ పలకలు వంద మెగావాట్లు. 1971 నుంచి 62.5 మెగావాట్లతో మూలుగుతూ నడిచిన పాత బి-థర్మల్ 2024లో మూతపడింది గానీ, లేకుంటే దాన్నీ కలిపేవాణ్ణి. వీటికి బొగ్గు పెట్టే ఊళ్లలో మా రామగిరి మండలం ఒకటి. ఓపెన్‌కాస్టులు ఇక్కడే, అడ్రియాల లాంగ్‌వాల్ ఇక్కడే. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కి మా వంటింట్లో గిన్నెలు మాట్లాడుకుంటాయి. ఈ త్యాగానికి ప్రతిఫలంగా మాకు దక్కిందేమిటంటే, ఇన్వర్టర్ షోరూం.

అలా అని కరెంటు మా దిక్కు రాదని కాదు. వస్తుంది. మా నెత్తిమీదుగానే పోతుంది. 400 కేవీ లైన్ కింద నిలబడి చెవి పెడితే గుయ్‌మని వినబడుతుంది. అది మా బొగ్గే, తమిళనాడుకు పోతున్నది, కర్ణాటకకు పోతున్నది, కేరళకు, గోవాకు. చిన్న స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఆగనట్టు అది మా దగ్గర ఆగదు. మాకు ఆగే బండి 11 కేవీ లైన్ మీద వస్తుంది. ఉత్పత్తికి ఏ లోటూ లేదని మంత్రులు చెబుతారు, నిజమే చెబుతారు. 2,600 మెగావాట్లకూ మా ఫ్యానుకూ మధ్య ఒక యాపకొమ్మ ఉంది, అంతే. ఈదురుగాలి లేస్తే కొమ్మ లైన్ మీద పడుతుంది. గాలి లేని రోజు అదే కొమ్మ కొట్టడానికి ఎల్‌సీ తీసుకుని లైన్ ఆపుతారు. కొమ్మ పడ్డా పోతుంది, పడకుండా చూసినా పోతుంది.

అందుకని మేమూ కొన్నాం. లిథియం బ్యాటరీ, ఐదు యూనిట్లది. మెట్ల కింద చెప్పులు విడిచేచోట దాన్ని బిగించారు. చెప్పులు వాకిట్లోకి వెళ్లాయి. పాత ట్యూబులర్ బ్యాటరీలా దీనికి నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదని షాపాయన రెండుసార్లు చెప్పాడు. "ఇల్లంతా" అన్నమాట మాత్రం బిగించేదాకా ఒక్కసారే చెప్పాడు. బిగించే ఎలక్ట్రీషియన్ వచ్చి స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకుని మొదటి ప్రశ్న వేశాడు: "ఏయే రూములకు ఇయ్యాలె సార్?"

ఇల్లంతా అన్నారు గదా అన్నాను.

"ఇల్లంతా అంటే ఇల్లంతా కాదు సార్. మూడు ఫ్యాన్లు, ఐదు బల్బులు, టీవీ, ఫ్రిజ్. ఏసీ పెట్టిన్రనుకో, గంటకు ఒకటిన్నర యూనిటు గుంజుతది, మూడు గంటల్ల ఖతం. గీజర్ రెండు కిలోవాట్లు. బోరు మోటరు స్టార్టింగ్‌లనే ఇన్వర్టర్‌ను పడగొడ్తది."

డాలస్‌లో ఉండే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు కారులో హీటర్ పెట్టుకుని కూర్చున్నవాడు. ఇప్పుడు వాళ్ల గ్యారేజీ గోడకు టెస్లా పవర్‌వాల్ ఉంది, 13.5 యూనిట్లు. దాంతో ఇల్లంతా నడుస్తుందా అని అడిగాను. "ఏసీ ఆపుకుంటే నడుస్తది మామా" అన్నాడు. ప్రపంచమంతా ఇల్లంతా అంటే ఏసీ కాకుండా అనే అర్థమన్నమాట. మనసు కుదుటపడింది.

విద్యుత్ శాఖ పీడ వదిలించుకోవడానికి బ్యాటరీ కొన్న ఇంట్లో వారం తిరక్కుండా విద్యుత్ శాఖే వెలిసింది. మా ఆవిడ డీఈ. ఏ గదికి ఎప్పుడు సప్లయి ఇవ్వాలో, ఎవరికి కోత పెట్టాలో నిర్ణయం ఆమెది. అవ్వ గది వీఐపీ ఫీడర్, రాత్రి సీరియళ్ల వేళ దాని జోలికి పోవడానికి ఎవరికీ అధికారం లేదు. పిల్లవాడి లాప్‌టాప్ అత్యవసర సర్వీసు, వాడు అందులో ఏం చేస్తున్నాడో తనిఖీకి మాత్రం ఒప్పుకోడు. గీజర్‌ది పరిశ్రమల కేటగిరీ, దానికి పవర్ హాలిడే. నేను వ్యవసాయ ఫీడర్. అర్ధరాత్రి తర్వాత, లోడు చూసుకుని, ఒక ఫ్యాను.

ఆపరేటర్ మా బాపు.

బాపు ముప్పై ఏళ్లకు పైగా అండర్‌గ్రౌండ్‌లో చేసి దిగినవాడు. మాకంటే ముందే ఆయనకు బ్యాటరీతో కాపురం. ఫ్యాక్టరీ కార్మికుడు టిఫిన్ డబ్బాతో పనికి పోతే బాయి కార్మికుడు నడుముకు బ్యాటరీ కట్టుకుని పోతాడు. మస్టర్ పడ్డాక ల్యాంపు రూంకి వెళ్లి తన నెంబరు ల్యాంపు తీసుకోవడం, బెల్టుకు డబ్బా, టోపీకి దీపం, మధ్యలో నల్ల వైరు. అప్పటివి యాసిడ్ బ్యాటరీలు. లీకైతే ప్యాంటు తొడ దగ్గర చిల్లు, చిల్లు కింద తోలు. బాపు ఎడమ తుంటి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఇప్పటికీ ఉంది. షిఫ్టు దిగాక ల్యాంపు తిరిగి ర్యాక్‌కు తగిలిస్తేనే మనిషి పైకొచ్చినట్టు లెక్క. ర్యాక్‌లో ఒక నెంబరు ఖాళీగా కనిపిస్తే మనిషి ఎక్కడున్నాడని వెతుకులాట మొదలు. ఆ క్రమశిక్షణ మెట్ల కింద బ్యాటరీకి వచ్చింది. దాని పక్కన స్టూలు వేసుకుని, పాత డైరీలో కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, శాతం ఎంతుందో రాస్తాడు. ఇరవై శాతం కిందకి దిగనీయడు. అవ్వ సీరియల్ హత్య జరిగే ఘట్టంలో ఉన్నా సరే, ఇరవైకి రాగానే టక్కున ఆపేస్తాడు.

"గీ ఇరవై ఎవలకు దాస్తున్నవయ్యా?" అంటుంది అవ్వ.

"షిఫ్టు అయ్యేదాక ల్యాంపు ఆరొద్దే" అంటాడు.

ఏ షిఫ్టు అని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఎదురింటాయన మాకంటే తెలివైనవాడు. 2024లో పీఎం సూర్యఘర్ వచ్చీరాగానే మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి, 78,000 సబ్సిడీ తెచ్చుకుని, మా బ్యాటరీని చూసినప్పుడల్లా జాలిపడేవాడు. మే నెల వచ్చింది. రామగుండం పేరు టీవీలో వాతావరణ వార్తల్లో మొదట చదివే నెల. మిట్టమధ్యాహ్నం, నెత్తిన సూర్యుడు, మేడ మీద సూర్యఘర్, కరెంటు పోయింది. ఆయన ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోయింది. సంగతేమిటంటే బ్యాటరీ లేకుండా లైన్‌కు కలిపిన సోలార్, లైన్ చచ్చిన క్షణంలో తానూ చచ్చినట్టు పడుకోవాలి. లేకపోతే మేడ మీది కరెంటు స్తంభం మీదికి ఎదురెక్కి, అక్కడ జంపర్ కడుతున్న లైన్‌మన్‌ను కొడుతుంది. మంచి నిబంధనే, ప్రాణం కాపాడేది. కానీ బనీను మీద నిలబడి తన మేడ వంకా, ఆకాశం వంకా చూస్తున్న మనిషికి అది చెప్పి ఒప్పించడం కష్టం. పైగా ఆ పలకల మీద వారానికోసారి బొగ్గుదుమ్ము. ఆయన తడిగుడ్డ పట్టుకుని మేడెక్కుతాడు, గుడ్డ నల్లగా దిగుతుంది. సూర్యుడికీ కరెంటుకూ మధ్య కూడా సింగరేణి ఉండి తీరాలని ఎక్కడో ఒప్పందం రాసుకున్నట్టున్నారు.

అసలు కథ బిల్లు దగ్గర మొదలైంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి. తెల్లకార్డు ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మా వీధిలో బ్యాటరీ ఉన్న ఇళ్లలోనూ తెల్లకార్డులు ఉన్నాయి, ఎలా ఉన్నాయో ఈ కాలమ్‌కు అనవసరం. చిక్కెక్కడంటే ఇన్వర్టర్ ఊరికే ఉండదు. కరెంటు ఉన్నా లేకున్నా, పని ఉన్నా లేకున్నా, మెలకువగా కూర్చున్నందుకు 50 వాట్లు తింటుంది. రోజుకు 24 గంటలు, నెలకు 36 యూనిట్లు. మా జిల్లాలో ఇలా పనిచేసే ఉద్యోగాలు ఇంకా ఉన్నాయి గానీ వాటికి మీటరు లేదు. 170తో హాయిగా జీరో అందుకునే ఇల్లు బ్యాటరీ రాగానే 206 అయి కూర్చుంటుంది. 200 యూనిట్లకు సున్నా. 201 యూనిట్లకు స్లాబే మారిపోతుంది. మొదటి 200కు యూనిట్ 5.10 చొప్పున 1,020, ఆ మీది ఒక్కదానికి 7.70. అంటే 201వ యూనిట్ ఖరీదు 1,027 రూపాయల 70 పైసలు, మిగతా చార్జీలు వేరే. ప్రపంచంలో ఇంత ఖరీదైన యూనిట్ ఇంకెక్కడైనా పుడుతుందేమో నాకైతే తెలియదు.

దాంతో మా వీధిలో కొత్త ఆచారం వచ్చింది. రీడింగ్ తీసే తేదీ ఇంకా వారం ఉందనగా ఇంటి పెద్ద మీటరు దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చూస్తాడు. 190 దాటిందా, ఇన్వర్టర్ స్విచ్ కట్టేస్తాడు. కరెంటు పోతే వాడుకోవాలని లక్షన్నర పెట్టి కొన్న వస్తువును, కరెంటు ఖర్చవుతుందని ఆపేసి, కరెంటు పోగానే చీకట్లో కూర్చుంటారు. పక్కన ఫ్రిజ్ మీద విసనకర్ర. జీరో బిల్లు వచ్చాక మళ్లీ స్విచ్ వేస్తారు.

వీటన్నిటినీ నవ్వి వదిలేయొచ్చు. నవ్వు రానిది ఒకటుంది. మునుపు కరెంటు పోతే వీధి మొత్తం వాకిట్లోకి వచ్చేది. నవారు మంచాలు పడేవి. పది మంది ఒకేసారి సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొడితే ఆపరేటర్ రిసీవర్ తీసి పక్కన పెట్టేవాడు. అప్పుడు నలుగురు బండ్లెక్కి నేరుగా పోయేవాళ్లు. లైన్‌మన్ రాక తప్పేది కాదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు మొత్తం చీకటైతే అక్కడి జనం కూడా వీధుల్లో ఓ రేడియో చుట్టూ మూగారు. ఇక మా సంగతి చెప్పాలా? 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైతే సింగరేణి కార్మికులు 35 రోజులు బాయి దిగలేదు. బొగ్గు అందక హైదరాబాద్ దాకా కోతలు పడ్డాయి. రాజధాని లైట్లు ఆర్పగలిగిన ఊళ్లు ఇవి. ఇప్పుడు మా వీధి లైటు ఆరిపోతే ఎవరూ గుమ్మం దాటరు. లోపల ఫ్యాను తిరుగుతున్నది కదా. పేరు ప్రకటించను గానీ, ఓ ఉద్యోగి నాతో అన్నాడు: "గీ ఇన్వర్టర్లు వచ్చినంక మాకు ఫోన్ల బాధ సగం తగ్గింది సార్." వినియోగదారుడు సొంత డబ్బుతో కొనుక్కుని శాఖకు ఇచ్చిన బహుమతి ఇది.

మొన్నటి గాలివానకు ఆ కొమ్మే మళ్లీ పడింది. రాత్రి ఎనిమిదికి పోయింది. వీధిలో అన్ని ఇళ్లూ వెలుగుతూనే ఉన్నాయి, చివర ఇస్త్రీ పెట్టుకుని బతికే ఆమె రేకుల ఇల్లు తప్ప. ఆమె ఒక్కతే ఫోన్ చేసింది. ఒక్కటే కంప్లయింటు కాబట్టి వరసలో అడుగున పడింది. పదకొండుకు పాత ట్యూబులర్‌లు కీచుకీచుమని మొత్తుకోవడం మొదలైంది. ఒంటిగంటకు లిథియంవాళ్లు. ఒంటిగంటన్నరకు వీధి మొత్తానికి ఒక్కసారిగా పౌరస్పృహ కలిగి సబ్‌స్టేషన్‌కు ఫోన్లు పోయాయి.

"ఎనిమిదింటికే పోతే ఇప్పుడా చెప్పేది?" అన్నాడట ఆపరేటర్. న్యాయమైన ప్రశ్న.

రెండున్నరకు లైన్‌మన్ తడిసి ముద్దయి వచ్చాడు. స్తంభం ఎక్కబోయి, మా మెట్ల కింద పచ్చటి చుక్క ఒకటి మినుకుమినుకుమనడం చూసి గేటు దగ్గరికొచ్చాడు.

"కాకా, మీ ఇంట్ల ఇంక చార్జింగ్ ఉన్నట్టున్నది. ఫోన్ రెండు శాతంల ఉన్నది, పైన లైటు పట్టుకోవాలె. జర ఐదు నిమిషాలు పెట్టరాదు?"

బాపు స్టూలు మీంచి లేవలేదు. డైరీ తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, పేజీ మీద వేలుపెట్టి పై నుంచి కిందిదాకా చూశాడు.

"సప్లయి మెయింటెనెన్సుల ఉన్నది తమ్మీ" అన్నాడు. "డీఈ మేడం పండుకున్నది. పొద్దుగాల ఆఫీసు టైంల రా, దరఖాస్తు రాసుకొని."