జీతం లేని దేశాటన

హైదరాబాదులో ఈ కాలపు వైరాగ్యానికి ఒక పద్ధతి ఏర్పడింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు రాజీనామా చేస్తారు. ఫ్లాటు అద్దెకిస్తారు. కారు అమ్మేస్తారు. చెరో సంచీ వీపున తగిలించుకుని వియత్నాం నుంచి జార్జియా దాకా ఏడాదో ఏడాదిన్నరో తిరుగుతారు. ఇందులో తప్పేమీ లేదు, కాళ్లు వాళ్లవి, పైసలు వాళ్లవి. చిక్కంతా తిరిగొచ్చాకే. "ప్రపంచం చూడ్డానికి డబ్బక్కర్లేదు, ధైర్యం చాలు" అని ఊళ్లవాళ్లకు బోధించడం మొదలుపెడతారు.

ఆ మాట ఒక్కసారి జగిత్యాల బస్టాండులో నిలబడి చెప్పాలి.

ధైర్యమే టికెట్టయితే పాత కరీంనగర్ జిల్లా ఈపాటికి ప్రపంచ యాత్రికుల రాజధాని అయ్యుండేది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని బతుకుతెరువుకు మూడు దిక్కులు చెప్పుకున్న నేల ఇది. కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో యాభై దాటిన ఒక మనిషిని పట్టుకుని అడగండి. మొదట మస్కట్ పోయుంటాడు. అక్కడ చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి అయ్యేసరికి తిరిగొచ్చి, ఆ అప్పు తీర్చడానికి దుబాయ్ పోయుంటాడు. ఆ కంపెనీ మూతబడితే సౌదీ, అక్కడ అకామా (నివాస అనుమతి) దొరక్కపోతే బహ్రెయిన్. కొందరైతే యుద్ధం నడుస్తుండగానే ఇరాక్, అఫ్ఘానిస్తాన్ క్యాంపుల్లో పనికి పోయొచ్చారు. నాలుగైదు దేశాల ముద్రలు పడ్డ పాస్‌పోర్టు ఇనుప బీరువాలో చీరల కింద ఉంటుంది. ఒక్కడూ పుస్తకం రాయలేదు. ఒక్కడూ మైకు పట్టుకుని "మీరూ మీ గూడు వదిలి బయటికి రండి" అనలేదు. గూడు వదలడం వాళ్లకు సాహసంగా తోచలేదేమో, వడ్డీ తోసింది కాబట్టి.

అనుభవాలు మాత్రం రెండు వర్గాలవీ ఆశ్చర్యంగా కలుస్తాయి. పన్నెండు పడకల గదిలో ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య పడుకున్నాక మానవాళి మీద నమ్మకం కుదిరిందని యాత్రికుడు అంటాడు. దుబాయ్ సోనాపూర్ క్యాంపులో అంతస్తుల మంచం మీద ఏళ్లకేళ్లు పడుకున్న కోరుట్ల మనిషికి ఈ లెక్కన ఋషి అయ్యేంత నమ్మకం కుదరాలి. అతనికి నడుంనొప్పి కుదిరింది. ఫోను ఆపేసి పది రోజులు మౌనం పాటిస్తే మనసు కడిగినట్టయిందని యాత్రికురాలు అంటుంది. సౌదీ ఎడారిలో గొర్లు కాయడానికి తోలిన మనిషికి ఈ సాధన ఉచితం: సిగ్నల్ లేదు, మాట్లాడదామంటే మనిషి లేడు. ఎన్ని నెలలు మనసు కడగాలో మాత్రం కఫీల్, అంటే అక్కడి యజమాని, నిర్ణయిస్తాడు. ఇక హోటల్లో గిన్నెలు కడిగి, జీతానికి బదులు తిండీ పడకా తీసుకోవడం గొప్ప జీవితపాఠమట. కంపెనీ జీతం ఎగ్గొట్టిన ప్రతిసారీ మనవాళ్లు చదివింది ఆ పాఠమే.

చుట్టపుచూపుగా కాకుండా ఒకే ఊళ్లో నింపాదిగా ఉండిపోతే గానీ ఆ ఊరి ఆత్మ అందదని మరో బోధ ఉంది. ఈ విద్యలో సిరిసిల్లను మించిన జిల్లా లేదు. 2005 నాటి ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో దుబాయ్‌లో శిక్ష పడిన ఈ జిల్లా మనుషులు ఐదుగురు, దాదాపు 18 ఏళ్లు అక్కడి జైల్లో ఉండి ఇల్లు చేరారు. ఊరి ఆత్మ ఎట్లుందని విమానాశ్రయంలో వాళ్లనెవరూ అడగలేదు.

బయటి దేశం పోనివాడిని ఈ బోధకులు మరీ చిన్నచూపు చూస్తారు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే మనిషి పన్నెండు గంటల షిఫ్టులో ఒక సాంచా నుంచి ఇంకో సాంచాకు తిరుగుతూనే ఉంటాడు. ఆ అడుగులన్నీ లెక్కేసే యంత్రం చేతికి కడితే హిమాలయం ఎక్కొచ్చినవాళ్లు తలవంచుకోవాలి. కాకపోతే ఎంత నడిచినా చేరేది తెగిన పోగు దగ్గరికే. అక్కడ నిలబడి ఫొటో దిగేంత తీరిక ఉండదు.

ఇంతకీ జంట సంగతి. కోరుట్లలోనూ జంటలు యాత్ర చేస్తాయి, సగం సగం పంచుకుని. ఆయన బయటి దేశాలు చూస్తాడు. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, మధ్యలో లోపలి దేశం చూస్తుంది: బ్యాంకు, చిట్టీలాయన ఇల్లు, ఏజెంటు ఇల్లు, తాళమేసిన ఏజెంటు ఇల్లు, పోలీసు స్టేషన్, కలెక్టరాఫీసు. ఇద్దరూ ఒకే ఫొటోలో కనిపించేది రెండేళ్లకో మూడేళ్లకో, ఆయన నీడో పాలపొడి డబ్బా, టైగర్ బామ్, పెద్ద కంబళి పట్టుకుని దిగినప్పుడు.

డబ్బక్కర్లేదన్న మాట నిజమో కాదో తేల్చడానికి యూరప్ వీసా దరఖాస్తు తెరిస్తే చాలు. బ్యాంకు ఖాతా వివరాలు, జీతం రుజువు, సెలవు పత్రం, తిరుగు టికెట్టు, 30,000 యూరోలకు తగ్గని బీమా. సాంచాల కార్మికుడికి సెలవు పత్రం రాసిచ్చే ఆసామి ఇంకా పుట్టలేదు. పదో తరగతి తప్పినవాడైతే దేశం దాటకముందే మరో గడప: 1983 నాటి వలస చట్టం ప్రకారం 18 దేశాలకు పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అదే సింహాల ముద్ర ఉన్న నీలి పుస్తకంతో ఒకరు ఆత్మాన్వేషణకు పోతారు, ఇంకొకరు అనుమతికి పోతారు.

వెనకటివాళ్లకు ఖర్చు విషయంలో ఈ దాపరికం లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి కదిలిన ఏనుగుల వీరాస్వామయ్య భారీ పరివారంతో, పల్లకీ బోయీలతో వెళ్లాడు, వెళ్లానని రాశాడు కూడా. ధైర్యమొక్కటే మోసిందనలేదు, బోయీలు మోశారు. మొన్నమొన్నటి కొచ్చి దంపతులు విజయన్, మోహన తమ చాయ్ దుకాణం గల్లాలోంచి రోజూ మూడు వందలు పక్కనబెట్టి, చాలక అప్పు చేసి, తిరిగొచ్చి అది తీర్చి, మళ్లీ బయల్దేరి 26 దేశాలు చూశారు. అప్పు సంగతి దాచలేదు. వాళ్ల యాత్ర గురించి చదివితే ఎవరికీ తన బతుకు మీద రోత పుట్టదు. మన సాఫ్ట్‌వేర్ సన్యాసులు చెప్పనిది ఆ ఒక్కటే, అద్దెకిచ్చిన ఫ్లాటు సంగతి.

కాబట్టి నా మనవి, అలాంటి జంట ఒకటి కోరుట్లకు రావాలి. బీడీ కంపెనీ దగ్గర ఆకు, తంబాకు కోసం నిలబడ్డ ఆడవాళ్ల ముందు ఉపన్యాసమివ్వాలి. పద్నాలుగు నెలలు, పదకొండు దేశాలు, రోడ్డు పక్క తిండి, బస్సుల్లో నిద్ర, చేతిలో పైసా మిగల్లేదు అని కళ్లు మెరుస్తుండగా చెప్పాలి. వినేవాళ్లు ముందు నోరు నొక్కుకుంటారు. తర్వాత ఒక పెద్దమ్మ దగ్గరికొస్తుంది.

"అయ్యో బిడ్డా, పదకొండు దేశాలు తిప్పిండా? ఒక్క నెల గూడ జీతమియ్యలేదా? ఏ ఏజెంటు పంపిండే మిమ్ముల?"

ఏజెంటు లేడమ్మా, మేమే పోయాం అంటారు వాళ్లు.

"భయపడకు, పేరు చెప్పు. మా ఆయినె గూడ మొదట గట్లనే దాచిండు. సోమారం జగిత్యాల కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది. పాస్‌పోర్టు జిరాక్సు తెచ్చుకో, అర్జి నేను రాయిపిస్త."