మీట నొక్కేవారు, వేలు నొక్కేవారు

నగదు బదిలీ చాలా తేలికైన పని. వేదిక మీద ఒక పెద్దాయన మీట నొక్కుతారు. తెర మీద కోట్లు కదులుతాయి, జనం చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఊళ్లో ఇంకొకరు వేలు నొక్కాలి. చిక్కంతా అక్కడే. పెద్దాయన వేలు ఎప్పుడూ మొదటిసారే పనిచేస్తుంది. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, గీతలు అరిగిపోయిన అవ్వ వేలు మాత్రం యంత్రానికి నచ్చదు. "ఇంకో వేలు పెట్టమ్మా" అంటాడు బ్యాంకు మిత్ర. పది వేళ్లూ అయిపోతాయి. "సర్వర్ డౌన్. రేపు రా." అవ్వ తాను అవ్వేనని రేపు మళ్లీ రుజువు చేసుకోవాలి.

పేదవాడి చేతికి డబ్బిస్తే తాగి తగలేస్తాడనీ, సోమరి అవుతాడనీ దిగులుపడే పెద్దమనుషులు కొందరు పట్నాల్లో ఉన్నారు. ఈ దిగులు వారికి సాధారణంగా సాయంత్రం పూట, చేతిలో గ్లాసు ఉన్నప్పుడు కలుగుతుంది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా పలు దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో లెక్క తేల్చారు. నగదు అందిన కుటుంబాల్లో మద్యం, పొగాకు ఖర్చు పెరిగిన దాఖలా లేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా. అంతకుముందే మధ్యప్రదేశ్ పల్లెల్లో 'సేవా' సంస్థ యూనిసెఫ్ సాయంతో ఒక ప్రయోగం చేసింది. పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు, ఏ షరతూ లేకుండా. జనం ఆ డబ్బును తిండికీ, పిల్లల చదువుకీ, మేకలకీ పెట్టారు. ఒకవేళ ఎవరైనా తాగినా ఖజానాకు వచ్చే నష్టమేమీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్లదే కదా!

ఇక ఈ డబ్బును ఏమని పిలవాలన్నది మరో పంచాయితీ. 2022 జులైలో ప్రధాని ఉచితాలను 'రేవడీ (మిఠాయిలు పంచే) సంస్కృతి' అన్నారు. ఆయన ప్రభుత్వమే 2019 ఫిబ్రవరిలో, సార్వత్రిక ఎన్నికల ముంగిట, రైతులకు ఏడాదికి 6 వేల రూపాయల పీఎం కిసాన్ మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 20న కంపెనీల పన్ను తగ్గించి, ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రకటించింది. దాన్ని మాత్రం ఆయన రేవడీ అనలేదు. కంపెనీలకిస్తే ప్రోత్సాహకం, కూలీలకిస్తే ఉచితం. ఆ ప్రోత్సాహకంతో డైరెక్టర్లు సోమరులవుతారేమోనని ఎవరికీ నిద్ర చెడలేదు.

సరే, పల్లెకు వద్దాం. 2018 మే 10న తెలంగాణలోని హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. సీజనుకు ఎకరానికి 4 వేలు, మరుసటి ఏడాది నుంచి 5 వేలు. గరిష్ఠ పరిమితి లేదు. ఎకరం ఉన్నవారికి ఏడాదికి 10 వేలు, 50 ఎకరాలున్న వారికి 5 లక్షలు. చూపాల్సింది పాసుపుస్తకం ఒక్కటే, నాగలి చూపనక్కర్లేదు. పొలం పడావు పడినా, ప్లాట్లుగా మారినా, యజమాని డాలర్లు సంపాదిస్తున్నా బంధుత్వం తెగలేదు. గుట్టలకు సైతం పెట్టుబడి సాయం అందింది. ఆ పెట్టుబడితో గుట్ట ఏం పండించిందో వ్యవసాయ శాఖ ఎన్నడూ అడగలేదు. ప్రభుత్వం మారి, 2025 జనవరిలో 'రైతు భరోసా' అని కొత్త పేరు పెట్టాక గానీ గుట్టలనూ, వెంచర్లనూ, రోడ్లనూ రైతుల జాబితా నుంచి తొలగించలేదు.

అదే చేను కౌలుకు తీసుకుని, విత్తనం అప్పు తెచ్చి, పురుగుమందు ఉద్దెర తెచ్చి, పంట ఎండితే తానే ఎండిపోయే మనిషి ఆ జాబితాలో ఏనాడూ లేడు. కౌలన్నది యజమానికీ కౌలుదారుకీ మధ్య వ్యవహారమని అప్పటి ప్రభుత్వం తేల్చేసింది. పట్టాదారుకు ఒక చేత్తో కౌలు, ఇంకో చేత్తో బంధు. 2018 ఆగస్టు నుంచి రైతుబీమా కూడా తోడైంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. కౌలు రైతు ఉరేసుకున్నా ఆ కుటుంబానికి ఈ బీమా రాదు. చచ్చినా పట్టాదారుగానే చావాలి! కాంగ్రెస్ వచ్చేముందు రైతులతోపాటు కౌలు రైతులకూ ఎకరానికి ఏడాదికి 15 వేలన్నది. వచ్చాక 15 కాస్తా 12 అయింది; కౌలు రైతు వాటా సున్నా అయింది.

భూమి లేని కూలీలను మాత్రం మరిచిపోలేదు. వారికోసం 2025 జనవరి 26న 'ఇందిరమ్మ ఆత్మీయ భరోసా' వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 12 వేలు. అయితే చిన్న షరతు: ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. భూమి ఉన్నాయన ఆ భూమిలో ఒక్కరోజు దిగినట్టు రుజువు అడగని సర్కారు, భూమే లేనామెను 20 రోజుల మస్టర్ చూపమంది. మరి పేరు మీద 5 గుంటలున్న కుటుంబం సంగతి? భూమి ఉంది గనక కూలీ కాదు, రైతు. రైతు గనక సీజనుకు 750 రూపాయలు. ఇంత ఆత్మీయత తట్టుకోవడం కష్టమే.

ఆంధ్రప్రదేశ్‌లో పేదరికాన్ని కరెంటు మీటరుతో కొలుస్తారు. సగటున నెలకు 300 యూనిట్లు దాటితే పేదరికం పోయినట్టే. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే మీటరు కింద కాపురం చేస్తే ఇద్దరూ కలిసి ధనవంతులవుతారు. తల్లుల ఖాతాల్లో పడే బడి డబ్బుదీ అదే దారి. అమ్మ ఒడి 2020 జనవరిలో 15 వేలతో మొదలై, మరుగుదొడ్లకనీ నిర్వహణకనీ కోతపడి 13 వేలకు దిగింది. 2025లో 'తల్లికి వందనం' వచ్చింది. 15 వేలన్నారు, 13 వేలు వేశారు. ప్రభుత్వాలు మారినా ఆ 2 వేల విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది.

ఖాతాలో పడితే చేతికొచ్చినట్టేనని నమ్మేవారు 2024 వేసవిని గుర్తుచేసుకోవాలి. ఆంధ్రలో ఇంటింటికీ పింఛను పంచే వలంటీర్లను ఎన్నికల సంఘం పక్కన పెట్టమంది. సుమారు 65 లక్షల మంది పింఛనుదారుల్లో ఎక్కువమందికి మే నెల పింఛను గడప దాకా రాకుండా బ్యాంకుకు వెళ్లింది. దాని వెనకే అవ్వాతాతలూ వెళ్లారు, మండుటెండలో. ఏ ఖాతాలో పడిందో తెలియక ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు తిరిగారు. ఆధార్‌కు చివరగా ముడిపడిన ఖాతాకే డబ్బు పోతుందన్న సూత్రం దాన్ని తయారుచేసినవారికి తెలుసు. అవ్వకు ఎవరూ చెప్పలేదు. పాత బాకీ ఉంటే బ్యాంకు ముందు తన వాటా పట్టుకుంటుంది. ఆ బాధ పడలేక అప్పటి ప్రభుత్వం, బాకీ కింద జమ చేసుకోవడానికి వీల్లేని ఖాతాలు కావాలని బ్యాంకులను బతిమాలుకుంది.

ఇన్ని గండాలు దాటి చేతికొచ్చిన డబ్బు మాత్రం నిజంగానే పనిచేస్తుంది. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ మామూలే. తొలకరికి 10 వేలు అప్పు చేస్తే ఆరు నెలలకు వడ్డీయే 1,800. ఆ 10 వేలు సమయానికి ఖాతాలో పడితే ఆ 1,800 ఇంట్లోనే మిగులుతుంది. నాట్లు అయ్యాక పడితే వడ్డీ వ్యాపారి చేతికి పోతుంది. కాబట్టి తేదీ ముఖ్యం. తేదీలు మాత్రం వానలను కాక ఓట్లను చూసుకుని వస్తాయి. 2023 నవంబరులో, పోలింగుకు కొద్ది రోజుల ముందు, రైతులు చాయ్ తాగేలోపే డబ్బు పడుతుందని ఒక మంత్రి సభలో ఊరించారు. ఎన్నికల సంఘం ఆ విడతనే ఆపేసింది. చాయ్ చల్లారింది.

ఓట్లయినా రాలాయా అంటే, రైతుబంధు తెచ్చిన పార్టీకి 2018లో రాలాయి: 88 సీట్లు. ఇదంతా మీట మహిమే అనుకున్నారు. 2021 ఆగస్టులో, ఉప ఎన్నికకు ముందు, అదే హుజూరాబాద్‌లో కుటుంబానికి 10 లక్షల దళితబంధు ప్రారంభ సభ పెట్టారు. ఆ ఉప ఎన్నికలో ఓడిపోయారు. 2023లో రాష్ట్రమంతటా 39 దగ్గర ఆగారు. ఆంధ్రలో 2.7 లక్షల కోట్లు పంచామని చెప్పుకున్న పార్టీకి 2024లో 175కి 11 వచ్చాయి. ఇచ్చింది తమ జేబులోది కాదని ఇచ్చినవారు మరిచినా, తీసుకున్నవారు మరవలేదు.

అందుకే పాలకులకు ఒక మనవి. వేలిముద్ర పడనివారికి సంతకంతో, సాక్షితో డబ్బిచ్చే అధికారం ఊళ్లోనే ఎవరికైనా ఇవ్వండి. పెట్టుబడి సాయం జూన్ దాటనివ్వకండి. కౌలు రైతు పేరు రాసుకోండి. తెలంగాణలో దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం ఉంది. దాన్ని అమలు చేస్తే చాలు.